‘దొర్లాయి’ అన్న మాట కొట్టేయ్

నల్లగొండ

బిడ్డా,

నీ వ్యాసం అందింది. పన్నెండు పేజీలు, కాగితానికి ఒక పక్కనే, మార్జిన్ వదిలి రాశావు. రెండుసార్లు చదివాను. తర్వాత దానికి పిన్ను పెట్టి పంపిన చిన్న ఉత్తరం చదివాను. ఎలా ఉందో దాచకుండా చెప్పమన్నావు కదా, చెబుతున్నాను. వ్యాసం కంటే ఉత్తరం బాగుంది.

మన జిల్లాలో ఎర్రజెండా ఎందుకు వెనకబడిందన్నది నీ వ్యాసం ప్రశ్న. పదకొండు పేజీల దాకా నువ్వు చెప్పిన కారణాలన్నీ బయటివే. ఎన్నికల్లో డబ్బు, మందు, కులాల లెక్కలు, టీవీలు, చీలికలు, ఊళ్లు వదిలి హైదరాబాద్ పోయిన యువకులు. అవన్నీ నిజమే, కాదనను. పన్నెండో పేజీ అడుగున మాత్రం మూడే మూడు వాక్యాలు పెట్టావు: “ఈ క్రమంలో పార్టీలో సైతం కొన్ని లోపాలు దొర్లాయి. వాటిని సమీక్షించుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది. ఆ దిశగా అడుగులు పడాలి.”

ఉత్తరంలో ఇలా రాశావు: “మా ఊళ్లో ఉపాధి హామీ కూలి తక్కువ పడుతోందని ధర్నా చేద్దామన్నాం సార్. పని చూసే మేటు మనోడే, పనికి రానోళ్ల పేర్లు హాజరు మస్టర్లో రాసింది ఆయనే, ఇప్పుడొద్దులే అని పెద్దలు ఆపారు. మా అమ్మ కూడా ఆ పనికే పోతది. ఆమెకు నేనేం చెప్పాలి?”

నీ వ్యాసం ఇది. మిగతా పన్నెండు పేజీలు దీన్ని దాచడానికి రాసినవి. కోపం తెచ్చుకోకు. నువ్వు కావాలని దాచావనడం లేదు. మన దగ్గర రాయడం నేర్చుకున్నవాళ్లందరికీ ఆ భాషే ముందు అబ్బుతుంది. నాకూ అంతే.

‘దొర్లాయి’ అన్న మాట చూడు. నలభై ఏళ్లుగా సమీక్షా నివేదికలు చదువుతున్నాను, కొన్ని నా చేత్తోనే రాశాను. వాటిల్లో తప్పులు దొర్లుతాయి, పొరపాట్లు చోటుచేసుకుంటాయి, బలహీనతలు వ్యక్తమవుతాయి. చేసిన మనిషి మాత్రం ఎక్కడా కనపడడు. దొర గురించి రాసేటప్పుడు మనకు కర్త ఏనాడూ తప్పిపోలేదు. దొర భూమి గుంజుకున్నాడు, దొర వెట్టి చేయించాడు, దొర కొట్టించాడు. మన గెలుపులు చెప్పేటప్పుడూ కర్త నిలబడే ఉంటాడు: భూములు పంచాం, వెట్టి ఆపించాం, గడీల మీదికి పోయాం. మన తప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. చదివే కూలి మనిషికి వ్యాకరణం తెలియకపోవచ్చు. వీళ్లు తప్పించుకుంటున్నారని మాత్రం తెలుస్తుంది.

అందుకే ‘మస్టర్ల నిర్వహణలో అవకతవకలు చోటుచేసుకున్నాయి’ అని రాయకు. ‘మా శాఖ సభ్యుడు మేటుగా ఉండి, పనికి రానివాళ్ల పేర్లు రాశాడు. మాకు తెలిసింది. ధర్నా ఆపుకున్నాం’ అని రాయి. చివరి వాక్యంలో నువ్వూ ఉన్నావు. ఆ వాక్యం రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది, ఎవరికైనా ఆగుతుంది. అక్కడ ‘ఆపారు’ అని మార్చాలనిపిస్తుంది. మార్చకు. ఆ రోజు మీటింగులో నువ్వు కూర్చునే ఉన్నావు కదా?

ఇక ఆ తప్పు వల్ల ఏం జరిగిందో చెప్పాలి. నీ వ్యాసంలో అసలు లేనిది అదే. ఉపాధి హామీ 2006లో మొదలైనప్పుడు మన నల్లగొండ, పక్కన మహబూబ్‌నగర్ రెండూ మొదటి విడతలోనే ఉన్నాయి. వలసపోయే పాలమూరు కూలీలకు, ఎండిన బోర్ల నడుమ ఉన్న మనవాళ్లకు అది ఎంత ఆసరా అయిందో నేను చెప్పక్కర్లేదు. ఆ పనిలో తవ్విన మట్టికి కొలత వేస్తారు. కొలతకు వచ్చిన డబ్బును మస్టర్లో ఉన్న పేర్లకు పంచుతారు. పనికి రానివాడి పేరు ఒకటి చేరిందంటే, ఎండలో తట్ట మోసినామె కూలిలోంచి కొంత అతని ఖాతాకు పోయినట్టే. మనోడు చేసింది ప్రభుత్వ సొమ్ము తినడం ఒక్కటే కాదు, మీ అమ్మ పక్కన పనిచేసే ప్రతి మనిషి చేతిలోంచీ తీశాడు. ఇది రాస్తే పదకొండు పేజీల కారణాల్లో సగం అక్కర్లేదు. ఆ ఊళ్లో జెండా గద్దె దగ్గరికి జనం ఎందుకు రావట్లేదో చదివినవాళ్లకే అర్థమవుతుంది.

అమ్మ సంగతి రాసేటప్పుడు జాగ్రత్త. ‘శ్రమజీవి కన్నీటి చుక్క’ లాంటివి వద్దు. ఎన్ని రోజులు పనికి పోయింది, ఎంత పడింది, ఆ డబ్బులో ఏం కొనాలనుకుంది, ఏం కొనలేకపోయింది. అంతే రాయి. అది కూడా ఆమెను అడిగాకే. ఊళ్లో బతకాల్సింది ఆమె.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా నీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు.

మన పార్టీ సభల్లో 1952 గురించి నువ్వు ఎన్నిసార్లు వినుంటావో. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. నిషేధంలో ఉన్న పార్టీ, పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేసి సాధించిన గెలుపు. చెప్పుకోవాల్సిందే, నేనూ గర్వంగానే చెబుతాను. కానీ ఇదే నల్లగొండలో 1996 కూడా ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి విసిగిన జనం, కృష్ణా నీళ్లు కావాలని ఎవరికి చెప్పినా వినలేదని, జల సాధన సమితి పిలుపు మీద లోక్‌సభకు నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా మన జిల్లా వైపు చూసింది. 500 రూపాయలున్న డిపాజిట్‌ను ఆ తర్వాత 10,000 చేశారు.

ఆ సీటు అంతకుముందు 1991లోనూ, మళ్లీ 1996లోనూ ఎర్రజెండాదే. అంటే ఆ నామినేషన్లు మనల్ని కూడా అడిగిన ప్రశ్న. మన సభల్లో 1952 వినపడుతుంది, 1996 వినపడదు.

ఆ ఎన్నికల్లో నేను ప్రచార కమిటీలో ఉన్నాను. కరపత్రాలు నేనే రాసేవాణ్ని. ఒక కరపత్రానికి ‘నీళ్ల పేరుతో ఓట్లు చీల్చే కుట్ర’ అని శీర్షిక పెట్టాను. ఎవరూ చెప్పి రాయించలేదు, నేనే పెట్టాను. రాత్రి పదకొండుకు ప్రెస్సులో ప్రూఫు చూస్తూ, శీర్షిక బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

ఎన్నికలయ్యాక మర్రిగూడ వైపు ఒక ఊరికి పోయాను. వేపచెట్టు కింద మంచం మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. పక్క నుంచి నమస్కారం పెట్టాను. ఆయన మెడ తిప్పలేదు. వినపడలేదేమో అనుకున్నాను. తర్వాత రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, నడుం నుంచి పైభాగమంతా ఒక్క కట్టెలాగా నా వైపు తిప్పాడు. మెడ ఎముకలు బిగుసుకుపోయాయి. నా ఈడువాడే, నలభై రెండేళ్లు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ నీళ్లు తాగకూడదని పుస్తకాల్లో ఉంటుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరు పెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అన్నారు. ఆయన ఇంటి ముందు మాత్రం చేతిపంపే ఉంది.

గోడకు మేకు కొట్టి, దానికి కరెంటు బిల్లులు, రేషన్ చీటీలు గుచ్చి పెట్టుకున్నారు. వాటి నడుమ నా కరపత్రం ఉంది. ఆయన కూతురు దాన్ని తీసుకొచ్చి చూపించింది.

“గీ కాయితం మీరే రాసిన్రా సారూ?” అన్నాడు. అవునన్నాను. “నేను గూడ నామినేషన్ ఏద్దామనుకున్న. ఐదు నూర్లు లేక ఏయలే” అన్నాడు. కాసేపు ఆగి, “కుట్ర అంటె ఏంది సారూ?” అని అడిగాడు.

నిజంగా తెలియక అడిగాడో, తెలిసే అడిగాడో ఈ రోజుకూ నాకు తెలియదు. నేను జవాబు చెప్పలేదు. వాళ్లు టీ ఇస్తే తాగాను. అది ఆ చేతిపంపు నీళ్లతో పెట్టిన టీ. బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ తర్వాత సమీక్షా సమావేశంలో ఫలితం బాగుంది కాబట్టి ఆ కరపత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత నావి నాలుగు కథల పుస్తకాలు వచ్చాయి. వాటిల్లో దొరలున్నారు, కాంట్రాక్టర్లున్నారు, లంచాలు మరిగిన ఆఫీసర్లున్నారు. మెడ తిరగని ఆ మనిషి, ఆయన్ని కుట్రదారుడన్న నేను, మేమిద్దరం ఏ కథలోనూ లేము.

నీకు ముందుగా ఎదురయ్యే మాట, “మన మీద మనమే రాసుకుంటే అవతలివాళ్లు వాడుకుంటారు” అన్నది. వాడుకుంటారు, నిజమే. నీ వ్యాసంలోంచి రెండు లైన్లు కోసి ఫోన్లలో తిప్పుతారు. కానీ మేటు సంగతి ఊళ్లో ఎవరికి తెలియదు? చెరువు పనికాడ తెలుసు, టీకొట్టు కాడ తెలుసు, అవతలి పార్టీకి మనకంటే ముందే తెలుసు. మన కాగితం మీద మాత్రమే లేదు. మనం రాయకపోతే గుట్టు మిగలదు, ఆ మాట చెప్పే హక్కు వాళ్ల చేతికి పోతుంది, అంతే.

ఇంటి గుట్టు బయటపెట్టడం మన సంప్రదాయం కాదని కూడా అంటారు. అది తప్పు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక తెలంగాణ సాయుధ పోరాటం కొనసాగించి ఉండకూడదని రావి నారాయణరెడ్డి అన్నారు. పంచిన భూమిని కాపాడుకోవడానికి కొనసాగించక తప్పలేదని పుచ్చలపల్లి సుందరయ్య అన్నారు. 1951 అక్టోబరులో విరమించిన పోరాటం గురించి ఇద్దరూ ఏళ్ల తర్వాత కూడా పేరు పెట్టి, జనం చదివేలా రాశారు. నాకు మొదటి మాటే సబబనిపిస్తుంది. మా నాన్న చచ్చేదాకా రెండో మాట మీదే ఉన్నాడు, ఇంట్లో దీని మీద అన్నం చల్లారిపోయిన రాత్రులున్నాయి. ఎమర్జెన్సీని సమర్థించడం తప్పని సీపీఐ 1978లో భటిండా మహాసభలో ఒప్పుకుంది. అలా ఒప్పుకున్నందుకు ఏ పార్టీ చచ్చిపోలేదు.

ఇక పని సంగతి. అచ్చుకు పంపే ముందు శాఖ మీటింగులో ఈ మాట చెప్పు, ఆ మేటు ఎదుటే చెప్పు. అనుమతి కోసం కాదు. మొహం మీద చెప్పలేని మాట కాగితం మీద రాస్తే అది చాడీ అవుతుంది. ఆయన చెప్పేది కూడా విను. సర్పంచి ఒత్తిడి ఉందేమో, తోటివాళ్లు పేర్లు రాయమని మీద పడ్డారేమో. పాత రోజుల్లో కేసులు మోసినవాడో, పార్టీ కోసం భూమి అమ్ముకున్నవాడో అయితే అదీ రాయి, తగ్గించకుండా రాయి. మంచివాడు ఎలా ఇక్కడికి వచ్చాడన్నదే చదివేవాళ్లకు కావాలి. దొంగ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఆయన్ని బయటికి పంపి మనం కడుక్కున్నట్టు అవుతుంది. తెలిసీ ఊరుకున్నది మనం.

మస్టర్ కాగితాలు చూడకుండా ఒక్క పేరూ రాయకు. సామాజిక తనిఖీలో గ్రామసభ ముందు చదివిన వివరాలుంటాయి, లేకపోతే సమాచార హక్కు కింద అడుగు. పరాయి పార్టీ మీద రాసేటప్పుడు ఒకసారి సరిచూసుకుంటే, సొంత పార్టీ మీద రాసేటప్పుడు మూడుసార్లు చూసుకో. ఒక్క అంకె తప్పినా ఆ అంకెనే పట్టుకుని మిగతా అంతా అబద్ధమంటారు.

ఇంకోటి, నీకు కష్టంగా ఉన్నా చెబుతాను. నీ వ్యాసం ఐదో పేజీలో ఒక నాయకుడి కారు గురించి రాశావు. ఆ పేరా చదువుతుంటే నీకు మహాసభలో మాట్లాడే అవకాశం ఇవ్వలేదన్న బాధ తెలుస్తోంది. ఆ బాధ న్యాయమైనదే. కానీ అది వేరే కాగితం మీద రాసుకో, దీంట్లో కలపకు. నీకు జరిగిన అవమానాన్ని, అమ్మకు జరిగిన అన్యాయాన్ని ఒకే పేరాలో పెడితే అమ్మది వెనక్కి పోతుంది.

కొందరు నీతో మాట్లాడటం మానేస్తారు. చిన్నప్పటి నుంచి నిన్ను ఎత్తుకున్నవాళ్లే మానేస్తారు. టెన్షన్ పడతావు, రాత్రిళ్లు నిద్ర పట్టదు. అప్పుడు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

వ్యాసాన్ని మళ్లీ రాసి పంపు. అమ్మతో మొదలుపెట్టు, కారణాలు తర్వాత చూద్దాం. దీంతో పాటు నా కరపత్రం జిరాక్స్ పెడుతున్నాను. అసలుది నా దగ్గరే ఉంది, మడతల దగ్గర చిరిగింది. అడుగున ప్రెస్సు పేరుంది, కాపీల లెక్క ఉంది, రాసినవాళ్ల పేరు లేదు. నీకు పంపే ముందు, ఆ ఖాళీలో పెన్నుతో నా పేరు రాశాను.