పాపకి క్రోన్స్ జబ్బు, రీసెర్చ్ స్టడీలో చేర్చమంటున్నారు. చేర్చవచ్చా?

మీరు రాసింది చదివాను. పాపకి పదేళ్లు, క్రోన్స్ (పేగుల్లో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బు) అని తేలింది, డాక్టర్‌గారు ఒక స్టడీలో చేరతారా అని కాగితాలు చేతికిచ్చారు, ఇంట్లో అందరూ "పిల్ల మీద ప్రయోగాలా" అని భయపడుతున్నారు. ఇలాంటిదాంట్లో పిల్లల్ని చేర్చినవాళ్లు ఉంటే చెప్పమన్నారు.

మేం చేర్చామండి. మా అబ్బాయికీ ఇదే జబ్బు. మొదట పేగు టీబీ అనుకుని ఆ మందులు వాడారు. మన దేశంలో ఇది మామూలే. రెండు జబ్బులూ ఎక్కువగా చిన్నపేగు చివర్లోనే పుండ్లు పెడతాయి, కొలొనోస్కోపీలో కూడా ఒకేలా కనిపిస్తాయి. తగ్గకపోయేసరికి మళ్లీ స్కోప్ చేసి క్రోన్స్ అని ఖాయం చేశారు. అప్పటికి వాడు క్లాసులో అందరికంటే పొట్టిగా ఉన్నాడు.

ముందుగా ఒక మాట. అది ఏ రకం స్టడీయో కనుక్కోండి. ప్రయోగం అనగానే ఇంట్లోవాళ్లకి కొత్త మందు ఎక్కించడమే గుర్తొస్తుంది. కొన్ని స్టడీల్లో మందు సంగతే ఉండదు. మామూలు వైద్యం జరుగుతుంటే పక్కన రక్తం, మలం శాంపిళ్లు తీసుకుని, ఎత్తు బరువు రాసుకుంటారు, అంతే. అమెరికా, కెనడాల్లో క్రోన్స్ కొత్తగా బయటపడిన 913 మంది పిల్లల్ని మూడేళ్లపాటు ఇలాగే గమనించారు. రిస్క్ అని దాని పేరు. పేగుకి చిల్లులు పడటం, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క భాగాలకి ఏర్పడే దారులు) రావడం ఏ పిల్లల్లో ఎక్కువ, ముందే పేగు వాపుని తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు మొదలుపెడితే అవి తగ్గుతాయా అన్నది 2017లో ప్రచురించారు. మొదటి మూడు నెలల్లోపే ఆ ఇంజెక్షన్లు పడినవాళ్లకి ఆ ముప్పు తగ్గింది. పేగు సన్నబడిపోవడం మాత్రం దాంతో తగ్గలేదు. మీ పాప డాక్టర్ రేపు ఏ మందు ముందు మొదలుపెట్టాలని ఆలోచించేటప్పుడు ఆ పిల్లల లెక్కలే ఆయన ముందుంటాయి.

రెండో రకం, ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు పద్ధతుల్ని పోల్చడం. మాది ఇదే. ఒక గుంపుకి కొన్ని వారాలు పూర్తిగా ఫార్ములా డ్రింకే (అన్ని పోషకాలూ ఉండే పౌడర్ కలిపిన పానీయం), ఇంకో గుంపుకి సగం ఫార్ములా, సగం ఎంచిన ఇంటి తిండి. మూడోది కొత్త మందు పరీక్ష. దానికి ఎక్కువ ప్రశ్నలు అడగాలి.

తిండి మానేసి పౌడర్ తాగితే పేగు మానుతుందా అని మా అత్తగారు నమ్మలేదు. నాకూ డాక్టర్‌గారు 2006 నాటి ఇటలీ స్టడీ గురించి చెప్పాకే ధైర్యం వచ్చింది. 37 మంది పిల్లలు, పది వారాలు. సగం మందికి స్టెరాయిడ్లు, సగం మందికి ఫార్ములా ఒక్కటే. నొప్పి, విరేచనాలు తగ్గడంలో రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు. లోపల స్కోప్‌తో చూస్తే పేగు మానింది ఫార్ములా తాగినవాళ్లలో నూటికి 74 మందికి, స్టెరాయిడ్లు వాడినవాళ్లలో 33 మందికే. స్టెరాయిడ్లు ఎదుగుదలని దెబ్బతీస్తాయి కూడా. పెద్దవాళ్లకి ఆ బాధ లేదు, వాళ్ల ఎత్తు ఎప్పుడో అయిపోయింది. పిల్లల జబ్బుకి పిల్లల్లోనే పరిశోధన జరగాలని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే. పిల్లల్లో క్రోన్స్ తీవ్రత కొలిచే స్కోరులో ఏడాదికి ఎంత ఎత్తు పెరిగారన్నది కూడా లెక్కే.

ఎవరు ఏ గుంపులో పడాలో కంప్యూటర్ తేలుస్తుంది. మనమూ ఎంచుకోలేం, డాక్టరూ ఎంచుకోలేరు. మా వాడికి ఇంటి తిండి ఉన్న గుంపు రావాలని నేను మొక్కుకున్నాను. పూర్తి ఫార్ములా గుంపు వచ్చింది.

ఆ వారాల గురించి దాచకుండా చెప్తాను, ఎందుకంటే ఈ కష్టం కాగితాల్లో రాయరు. తెలుగింట్లో అన్నం తినకుండా ఒక పిల్లాడు ఉండటం మామూలు విషయం కాదు. కుక్కర్ విజిల్ వస్తే వాడి మొహం మారిపోయేది. పోపు వాసన అస్సలు తట్టుకోలేకపోయాడు, దాంతో పోపులు వాడు స్కూలుకి వెళ్లాక పెట్టుకున్నాం. మేం భోజనం వేరే వేళకి మార్చుకున్నాం. వాళ్ల నానమ్మ "ఒక్క ముద్ద పెరుగన్నం పెడితే ఏమవుతుందే" అని బతిమాలేది. పెడితే వాడి కష్టమంతా వృథా అవుతుందని, లెక్కా చెడుతుందని ఆవిడకి డాక్టర్‌గారే ఓపిగ్గా చెప్పారు. బాగా చల్లబరిచి, మూత ఉన్న గ్లాసులో స్ట్రా వేసి ఇస్తే కొంచెం సులువుగా తాగేవాడు. రెండో వారానికి నొప్పి తగ్గింది, మొహంలో కళ వచ్చింది. చివర్లో మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఎంతుందో చూపించే పదార్థం) బాగా దిగింది. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది కూడా, ఇప్పుడు ఇంజెక్షన్ల మీద ఉన్నాడు. క్రోన్స్ అలాంటిది. ఆ నెలల్లో మాత్రం వాడు స్టెరాయిడ్లు లేకుండా గట్టెక్కాడు, ఎత్తు పెరగడం మళ్లీ మొదలైంది.

ఫార్ములా మాత్రమే తాగడం పిల్లలకి ఎంత కష్టమో పరిశోధకులకీ తెలుసు. 2019లో ఇజ్రాయెల్, కెనడా వైద్యులు పూర్తి ఫార్ములాని, సగం ఫార్ములాతో ఎంచిన ఆహారాన్ని పోల్చారు. ఆహారం ఉన్న గుంపులో నూటికి 97 మందికి పైగా తట్టుకున్నారు, ఫార్ములా గుంపులో 74 మంది దాకా.

"నా పిల్లకి ఉత్తి నీళ్ల ఇంజెక్షన్ ఇస్తారేమో" అన్న భయం సహజం. కొత్త మందు స్టడీ అయితే సూటిగా అడగండి: ప్లాసిబో (అసలు మందు లేని ఉత్తి ఇంజెక్షన్ లేదా మాత్ర) ఉందా, ఉంటే ఎన్ని వారాలు, మధ్యలో జబ్బు ముదిరితే వెంటనే ఏం ఇస్తారు? అన్నిటిలో ప్లాసిబో ఉండదు. పిల్లల్లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ పరీక్షించినప్పుడు చేరిన 112 మందికీ అసలు మందే ఇచ్చారు. గుణం కనిపించాక ఎనిమిది వారాలకోసారి మేలా, పన్నెండు వారాలకోసారి మేలా అని చూశారు. ఎనిమిదే మేలని తేలింది. ఇప్పుడు మా వాడికి మొదలుపెట్టింది ఆ లెక్కనే.

ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. దానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి ఒక పరిశోధనలో భాగంగా హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రులకి చెప్పకుండా పిల్లల తరఫున సంతకం చేసే హక్కు ఎవరికీ లేదు. 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం మందు పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీ (స్టడీలో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) ఫోన్ నంబరు మీ కాగితాల్లోనే ఉండాలి, లేకపోతే అడగండి.

మీరు సంతకం పెడితే సరిపోదు, పాప కూడా ఒప్పుకోవాలి. ఏడేళ్లు దాటిన పిల్లలకి వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మా వాడు నేరుగా డాక్టర్‌గారినే అడిగాడు, "నాకు మధ్యలో వద్దనిపిస్తే ఆపేయొచ్చా?" అని. ఆయన మా వైపు చూడకుండా వాడి వైపే తిరిగి, ఆపేయొచ్చు, అయినా నీకు వైద్యం నేనే చేస్తాను అన్నారు. వాడు ఒప్పుకోవడానికి ఆ ఒక్క మాట చాలింది. ఈ ప్రశ్నకి సరైన జవాబు రాకపోతే నేనైతే చేర్చేదాన్ని కాదు.

కాగితాలు ఇంటికి తెచ్చుకుని తెలుగు ప్రతి అడిగి చదవండి. వెంటనే సంతకం పెట్టమని ఎవరూ తొందరపెట్టకూడదు. స్టడీ కోసమే అదనంగా స్కోప్, మత్తు ఉన్నాయా, రక్తం ఎన్నిసార్లు తీస్తారు, ఫార్ములా ఖర్చు ఎవరిది, స్టడీ అయ్యాక మందు దొరుకుతుందా అని రాసుకుని వెళ్లండి. మాకు డబ్బాలు ఉచితంగా ఇచ్చారు, అదే లేకపోతే మోయలేని ఖర్చు. మందు పరీక్ష అయితే సీటీఆర్‌ఐ (మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు ఉంటుంది. ఆ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే ఎవరు చేస్తున్నారు, ఎంతమంది పిల్లలు, ఏ వయసు అన్నీ కనిపిస్తాయి.

పాప పేరు, ఆసుపత్రి పేరు రాయకుండా అది ఏ రకం స్టడీయో కింద చెప్పండి. ఫార్ములా స్టడీ అయితే మేం వేళలు ఎలా సర్దుకున్నామో, స్కూలుకి ఏం రాసిచ్చామో వివరంగా రాస్తాను.