ఫ్లాటులో థియేటర్ ఆర్గాన్: చేతుల కంటే ముందు కాళ్ళ సంగతి

ప్రశ్న: "చెన్నైలో రెండు బెడ్‌రూముల ఫ్లాటులో ఉంటాం. పదేళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నాను. ఈ మధ్య థియేటర్ ఆర్గాన్ వీడియోలు చూసి పిచ్చి పట్టింది. డిజిటల్‌ది ఇంట్లో పెట్టుకోవడం అయ్యే పనేనా? ఏం కొనాలి?"

అయ్యే పనే. గాలితో గొట్టాల్ని పలికించే పెద్ద కీబోర్డు వాద్యం అది. దాని డిజిటల్ రూపాన్ని నేను పెరంబూరులో మూడో అంతస్తు ఫ్లాటులో ఐదేళ్ళుగా వాయిస్తున్నాను. బ్యాంకు ఉద్యోగం, ఇంట్లో అత్తగారు, కింద ఫ్లాటులో తెల్లవారుజామున నాలుగున్నరకే లేచే మామి. ఇన్నిటి మధ్య నడుస్తోంది. మీరేమో ఏం కొనాలని అడిగారు. నేను కొన్నవాటిలో సగం ఇప్పుడు అటక మీద ఉన్నాయి. అందుకని నా సమాధానం కొంచెం పక్కదారి పడుతుంది, ఓపిక పట్టండి.

మా నాన్న తెనాలిలో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. చేత్తో తిత్తి ఊపే పెట్టె కాదు, కాళ్ళతో తొక్కే లెగ్ హార్మోనియం. నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తూ ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ పైషడ్జం పట్టి వదలకుండా ఉంటాడో నాన్నకి ముందే తెలిసేది. ఆయన చేతులకంటే కాళ్ళనే ఎక్కువ చూసేదాన్ని. నటుడి గొంతు పెరిగితే తొక్కుడు పెరిగేది, గొంతు తగ్గితే పాదం ఆనీ ఆననట్టు ఉండేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాను.

థియేటర్ ఆర్గాన్ పుట్టింది మూకీ సినిమాల కోసం. రాబర్ట్ హోప్‌జోన్స్ అనే ఇంగ్లీషాయన మొదట టెలిఫోన్ ఎక్స్చేంజి కంపెనీలో ఎలక్ట్రీషియను. ఆ తీగల తెలివినే చర్చి ఆర్గాన్ మీద ప్రయోగించాడు. తర్వాత అమెరికా వెళ్ళి 1910లో వర్లిట్జర్ కంపెనీలో చేరాడు. చర్చి ఆర్గాన్‌లో ఒక్కో స్టాపుకి, అంటే ఒక్కో రకం శబ్దాన్ని వేసే మీటకి, ఒక్కో గొట్టాల వరుస ఉంటుంది. ఈయన ఒకే వరుసని అటూ ఇటూ పొడిగించి, కరెంటు తీగలతో కలిపి, అన్ని స్థాయిల్లోనూ అన్ని కీబోర్డుల మీదా పలికేలా చేశాడు. అరవై ఒక్క మెట్ల కీబోర్డుకి అరవై ఒక్క గొట్టాలు కదా. కింద ఒక స్థాయి, పైన రెండు స్థాయిలు, అంటే ఇంకో ముప్ఫయ్యారు గొట్టాలు చేరిస్తే తొంభై ఏడు. ఆ తొంభై ఏడుతోనే పదహారు అడుగులు, ఎనిమిది, నాలుగు, రెండు అని నాలుగు స్టాపులు వచ్చేస్తాయి (అడుగులంటే గొట్టం పొడవు, పొడవు పెరిగితే స్థాయి దిగుతుంది). తక్కువ గొట్టాలతో పెద్ద ఆర్కెస్ట్రా అన్నమాట. దానికి తోడు డ్రమ్ము, తాళాలు, గంటలు, పిట్ట కూత, గుర్రపు డెక్కలు, రైలు కూత.

హోప్‌జోన్స్ పోయింది 1914లో. మన రఘుపతి వెంకయ్యగారు ఇదే మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టిందీ ఆ ఏడే. మన మూకీ హాళ్ళలో తెర పక్కన హార్మోనియం, తబలా పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అమెరికాలో వర్లిట్జర్ ఏ పని చేసిందో ఇక్కడ మా నాన్నలాంటి వాళ్ళ పెట్టె అదే పని చేసింది. కాబట్టి ఇది మనకి మరీ పరాయి వాద్యమేమీ కాదు.

ఇక అసలు విషయం. కీబోర్డు వాయించేవాళ్ళు ఆర్గాన్ దగ్గరికి రాగానే చేసే తప్పే నేనూ చేశాను. గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుందని వేళ్ళకి అలవాటైపోయి ఉంటుంది. ఆర్గాన్‌కి అది పట్టదు. మెల్లగా తాకినా గుద్దినా ఒకటే మోత. గొట్టాలన్నీ గదిలో ఉంటాయి, ఆ గదికి వెనీషియన్ కిటికీలాంటి రెక్కలుంటాయి. కుడికాలి కింద ఉన్న పెడల్ ఆ రెక్కల్ని తెరుస్తుంది, మూస్తుంది. దాన్నే స్వెల్ పెడల్ అంటారు. డిజిటల్‌లో గదీ లేదు, రెక్కలూ లేవు, పని మాత్రం అదే. వాద్యానికి ఊపిరి అక్కడుంది. నేను ఆర్నెల్లు ఆ పెడల్ మీద పాదం పెట్టి మర్చిపోయేదాన్ని. రికార్డు చేసుకుని వింటే రోడ్డు పక్క గుడి ఉత్సవంలో లౌడ్‌స్పీకర్ పెట్టినట్టుంది.

నన్ను బాగుచేసింది మా పేటలోనే ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన. రైల్వేలో రిటైరయ్యారు, నలభై ఏళ్ళు చర్చిలో ఆర్గాన్ వాయించారు. మొదటిరోజు నా పక్కన స్టూలు మీద కూర్చుని, "కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకో అమ్మా" అన్నారు. ఎడమచేత్తో ఒకే ఒక్క కార్డు, అంటే కలిపి నొక్కే మూడు స్వరాలు, పట్టుకోమన్నారు. ఫలానా రాగం, పాట అనేం లేదు. పట్టుకుని వదలకుండా, కుడిపాదంతో మాత్రమే దానికి ఒక మాట చెప్పించాలి. "పిలువు" అన్నారు. మడమ నేలకి ఆనించి వేళ్ళవైపు అర అంగుళం నొక్కితే మోత ముందుకి వచ్చింది. "ఇప్పుడు అలిగినట్టు వెనక్కి తీసుకో." పావుగంట అలా చేశాక నా పిక్క పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చారు నాన్న, ఆ లెగ్ హార్మోనియం కింద ఆడుతున్న ఆయన పాదాలు. చిన్నప్పటి నుంచి చూసినదాన్నే డబ్బు పెట్టి నేర్చుకుంటున్నానని నవ్వొచ్చింది.

ఎడమకాలికి వేరే పని. చర్చి వాద్యంలో రెండు కాళ్ళూ మంద్ర స్వరాలు పలికే బేస్ పెడళ్ళ మీద నడుస్తాయి. థియేటర్ పద్ధతిలో కుడికాలు స్వెల్ మీదే ఎక్కువ ఉంటుంది, బేస్ అంతా ఎడమకాలే చూసుకుంటుంది. ఎడమచెయ్యి కింది కీబోర్డు మీద తాళం, కార్డులు. కుడిచెయ్యి పై కీబోర్డు మీద పాట. నాలుగు అవయవాలకి నాలుగు పనులు. మొదటి రెండు నెలలు ఆఫీసులో కౌంటరు కింద ఎడమకాలు దానంతటదే ఆడుతుంటే పక్క సీటాయన ఏదైనా టెన్షనా అని అడిగేవాడు.

సామాను సంగతికి వస్తాను. పెద్ద కన్సోలు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. మూడు వరసల కీబోర్డులు, ముప్ఫయ్ రెండు పెడళ్ళు ఉన్నది ఫ్లాటు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. నేను ఒకరు ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ వదిలేసిన పాత హోమ్ ఆర్గాన్ ఒకటి తెచ్చుకున్నాను. లోపల ఎలక్ట్రానిక్స్ చచ్చిపోయింది. పదమూడు పెడళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. నాకు కావాల్సింది అవే. వాటి పాత కాంటాక్టులకి సముద్రపు గాలి తగిలి పచ్చగా చిలుము పట్టింది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో, అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే రీడ్ స్విచ్చులు కొని, ఒక్కో పెడల్ కింద చిన్న అయస్కాంతం అంటించాం. రీడ్ స్విచ్చు గాజు గొట్టంలో మూసి ఉంటుంది కాబట్టి చెన్నై చెమ్మ దాన్నేం చేయలేదు. ఆ తీగలన్నీ ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుకి కలిపితే కంప్యూటర్ దాన్ని మిడి పరికరంగా, అంటే ఏ మెట్టు నొక్కారో చెప్పే సంగీత పరికరంగా చూస్తుంది. మా తమ్ముడి కొడుకు ముందు ఆ బోర్డుల్లో ఊనో అనే రకం కొనుక్కొచ్చాడు, అది యూఎస్‌బీ మీద నేరుగా మిడి పంపదు. లియోనార్డో అనే రకం కొన్నాక కుదిరింది. మీరు ఆ ఒక్క తప్పు చేయకండి.

పైన రెండు అరవై ఒక్క మెట్ల మిడి కీబోర్డులు, ఒకదానిమీద ఒకటి. వడ్రంగి చేత టేకు కాకుండా మామూలు ప్లైవుడ్‌తోనే స్టాండు చేయించాను. సాఫ్ట్‌వేర్‌కి మొదట పైసా ఖర్చు లేదు. మిడిట్జర్ అని విండోస్‌లో నడిచేది ఉచితంగా దొరుకుతుంది. వర్లిట్జర్ స్టైల్ 216 అనే రెండు కీబోర్డుల ఆర్గాన్‌ని నమూనాగా పెట్టుకుని చేశారు. తెరమీద స్టాపుల్ని వేసే ట్యాబులు గుర్రపు నాడాలా వంపుగా పేర్చి కనిపిస్తాయి. ఫ్లూట్ జాతివి తెలుపు, రీడ్లు (లోపల రేకు అదిరి పలికే గొట్టాలు) ఎరుపు, తీగ వాద్యాల్లా పలికేవి పసుపు. అది చేతికి వచ్చాక హాప్ట్‌వెర్క్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళొచ్చు. అందులో నిజం గొట్టాల్ని ఒక్కొక్కటిగా రికార్డు చేసిన శబ్దాలుంటాయి, మెమరీ బాగా మింగుతుంది.

రెండు గొడవలు తప్పకుండా వస్తాయి. ఒకటి ఆలస్యం. నేను బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని మెట్టు నొక్కితే స్వరం తీరిగ్గా వచ్చేది. కంప్యూటర్ తప్పేమోనని రెండు వారాలు తిట్టుకున్నాను. తీగ ఉన్న హెడ్‌ఫోన్, ఆసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని బయటికి పంపే పెట్టె, పెట్టుకుంటే పోతుంది. బఫర్, అంటే పంపేముందు కంప్యూటర్ కూడబెట్టే శబ్దపు ముక్క, 256 శాంపిళ్ళ దగ్గర పెడితే 48 కిలోహెర్ట్జ్‌లో అక్కడ పోయేది ఐదు మిల్లీసెకన్ల చిల్లరే.

రెండోది హెడ్‌ఫోన్ ఉంది కదా, ఎవరికీ వినపడదు అనుకోవడం. ఒకరోజు కింద మామి మెట్లెక్కి వచ్చి, తమిళంలో చాలా మర్యాదగానే, "రాత్రి పదింటికి మీ ఇంట్లో రోజూ ఏం దంచుతున్నారమ్మా?" అని అడిగారు. నాకు చెవినిండా పాట, ఆవిడకి పైకప్పులోంచి ధబ్ ధబ్ మని పెడళ్ళు. చెక్క స్ప్రింగు మీద వెనక్కి కొట్టుకునే మోత స్లాబులోంచి దిగిపోతుంది. పెడళ్ళు ఆగేచోట దళసరి ఫెల్టు, మొత్తం చట్రం కింద జిమ్‌లో వేసే రబ్బరు మ్యాటు రెండు పొరలు వేశాను. చెప్పులు విప్పి మేజోళ్ళతో తొక్కుతాను. ఇప్పుడు ఆవిడ మళ్ళీ రాలేదు, ఒక్కసారి సాంబారు పొడి ఇవ్వడానికి తప్ప. పగలు స్పీకర్లతో వాయించాలంటే సబ్‌వూఫర్ అద్దెకి తెచ్చి చూసి మరీ కొనండి. పదహారు అడుగుల స్టాపు కింది స్వరం దాదాపు 33 హెర్ట్జ్, మన అల్మరాలో స్టీలు గిన్నెలన్నీ దానికి తాళం వేస్తాయి.

ఇంకొకటి ట్రెములెంట్. గాలిని సెకనుకి ఆరేడు సార్లు ఊపే ఏర్పాటు అది. థియేటర్ ఆర్గాన్ ఏడ్చినట్టూ పాడినట్టూ ఉండేది దీనివల్లే. మొదట ఇది వాయించండి: పైన టిబియా (లావుగా పలికే ఫ్లూట్ జాతి స్టాపు) ఎనిమిది, నాలుగు అడుగులు, దాంతో వాక్స్ హ్యుమానా (మనిషి గొంతులాంటి స్టాపు) ఎనిమిది, ట్రెములెంట్ వేసి. కింద ఫ్లూటు, తీగ స్వరాలు. పెడల్‌లో బుర్డాన్ (మెత్తటి మంద్ర స్టాపు) పదహారు. ఎర్ర ట్యాబులన్నీ ఒకేసారి దించాలని చెయ్యి దురద పెడుతుంది, కొన్నాళ్ళు ఆపుకోండి.

కర్ణాటక కృతులు దీనిమీద పలికించాలని మాత్రం చూడకండి. గమకం రాదు. హార్మోనియం మీద ఉన్న ఫిర్యాదే ఇది. ఆ కారణంతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971లో గానీ సడలించలేదు. విచిత్రం, అలెన్ కంపెనీ మొదటి డిజిటల్ ఆర్గాన్ తెచ్చిందీ 1971లోనే. మైలాపూరు నుంచి వచ్చిన మా ఆడపడుచు విని, "బాగుంది, కానీ ఏ స్వరమూ పక్కదాన్ని పలకరించదేం?" అంది. సరైన మాటే. పాత సినిమాల్లో మూడు దెబ్బల నడకలో ఊగే పాటలుంటాయి చూడండి, అవి దీనికి సరిగ్గా అతుకుతాయి.

దీని అసలు సరదా నాకు తెలిసింది మాత్రం మా పెళ్ళి క్యాసెట్‌తో. 1996 నాటిది, కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పటికి బొమ్మ మిగిలింది, శబ్దం పోయింది. ఒక ఆదివారం అత్తగారిని సోఫాలో కూర్చోబెట్టి టీవీలో అది పెట్టి, పక్కన నేను వాయించాను. వియ్యాలవారి విడిదిలోకి అంబాసిడర్ వచ్చినప్పుడు హారను, మా మేనత్త బిందె జారవిడిచినప్పుడు తాళాలు. స్వెల్ పెడల్ మీద పాదం పెట్టుకుని తెరవైపే చూస్తున్నాను, చేతులవైపు చూడటం లేదని తర్వాత తెలిసింది. తాళి కట్టే చోటికి వచ్చేసరికి డ్రమ్ము దొర్లిస్తుంటే, ఫ్రేము ఓరన పంచె కట్టుకుని మా నాన్న కనిపించారు, ఎవరినో పక్కకి జరగమంటున్నారు. రెండు సెకన్లు ఉంటారేమో. డ్రమ్ము ఆపేసి టిబియా ఒక్కటే ఉంచి, పెడల్ మెల్లగా మూశాను. అత్తగారు, "అదేంటి, గట్టిమేళం దగ్గర మెత్తబడ్డావ్?" అన్నారు.

ఖర్చు సంగతి కూడా చెబుతాను: కీబోర్డులు రెండూ పాతవే కొన్నాను, వాటికి ఇరవై రెండు వేలు. బోర్డు, స్విచ్చులు, తీగలు, మ్యాట్లు, వడ్రంగి కలిపి ఇంకో పద్నాలుగు. ఆడియో ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్ పదకొండు. పాత ఆర్గాన్‌కి ఆటో కిరాయే. మీ దగ్గర కీబోర్డు ఎలాగూ ఉంది. రేపే ఇంకోటి కొనేయకుండా ముందు దాన్ని వెనక్కి తిప్పి, ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కి (స్వెల్ పని చేసేది ఇదే) జాక్ ఉందేమో చూడండి. సస్టెయిన్ జాక్ ఒక్కటే ఉంటే అది పనికిరాదు, అందులో మోత ఉండటం, ఆగడమే తప్ప మధ్య మెట్లు లేవు. ఎక్స్‌ప్రెషన్ జాక్ ఉంటే ఆ పెడల్ ఒకటి తెచ్చుకుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఒక కార్డు పట్టుకోండి. నెలరోజులు చేశాక పిక్క నొప్పి తగ్గిందో లేదో ఇక్కడే రాయండి, పెడళ్ళకి అయస్కాంతాలు ఎలా అంటించాలో అప్పుడు వివరంగా చెబుతాను.