గట్టు మీద నిలబడి నాచులో బాస్ చేపల్ని పట్టడం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటే బాధేసింది. మూడు వారాలుగా చీకటితో లేచి చెరువుకి వెళ్తున్నావు, విసిరిన ప్రతిసారీ గంపెడు నాచు తప్ప చేప రావడం లేదు, ఇక కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) కొంటేగాని లాభం లేదేమో అన్నావు. ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతాయి, అందుకే రాస్తున్నాను. కయాక్ ఇప్పుడే కొనకు. నువ్వు వెళ్తున్నది మంచి చోటికే. అంత నాచున్న నీళ్లలో బాస్ లేకపోవడం ఉండదు. విసిరే ముందు ఒక్క నిమిషం ఆగి, చేప పడితే దాన్ని ఏ దారిన గట్టుకి తేవాలో చూసుకో. నీకు ఇప్పుడు కావాల్సింది ఆ అలవాటు. 22 ఏళ్లుగా ఈ టెక్సస్ చెరువు గట్ల మీద నేను నేర్చుకున్నదంతా దాని చుట్టూనే ఉంది.

నేను చేపలు పట్టడం మొదలుపెట్టింది కొల్లేటి పక్క కాలవల్లో. గుర్రపుడెక్క సందుల్లో ఉండే కొర్రమీను కోసం గాలానికి చిన్న కప్పను గుచ్చి, ఆకుల మీద అలా అలా ఎగరేసేవాళ్లం. మీ తాతయ్యే నేర్పారు. ఇక్కడికొచ్చాక మొదటిసారి బాస్ దెబ్బ చూసినప్పుడు నాకు ఆ కాలవే కళ్ల ముందు కదిలింది. రెండూ ఆకుల కింద నక్కి కూర్చుని, పైన ఏదైనా కదిలితే ఒక్క ఉదుటున మీదికొచ్చే చేపలే. తేడా ఏంటంటే, కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి కాబట్టి బుడగ వదిలి తన జాడ తనే చెబుతుంది. బాస్‌కి ఆ అవసరం లేదు. దాని జాడ మనమే వెతుక్కోవాలి.

వెతకడం అంటే చాలావరకు వినడమే. చెరువు దగ్గరికి వెళ్లగానే రాడ్ (గాలం కర్ర) తియ్యకు. నీటికి పది అడుగుల వెనకే ఆగి, ఐదు నిమిషాలు చెవి పెట్టి విను. నీటి మీద చాపలా పరుచుకున్న నాచు కింద నుంచి ‘టప్, టప్’ అని చిన్న చిన్న చప్పుళ్లు వస్తాయి. అవి బ్లూగిల్ అనే చిన్న చేపల పిల్లలు నాచుకి అంటుకున్న పురుగుల్ని తింటున్న చప్పుళ్లు. బ్లూగిల్ మేస్తున్న చోటికి బాస్ వస్తుంది, అదే దాని తిండి. చప్పుడు లేని నాచు ఎంత అందంగా కనిపించినా నేను ముందు చప్పుడున్న చోటికే పోతాను. ఇంకా గమనించాల్సినవి ఉన్నాయి. కదలకుండా నిలబడిన కొంగ, నీటి అంచున తూనీగలు, ఉన్నట్టుండి గుంపుగా పైకెగిరే పరిగెలు, గాలి లేకపోయినా ఊగే ఒక్క జమ్ము కాడ.

నాచంతా ఒకటే అనుకోకు. గట్టున జమ్ము ఉంటుంది, దాని ముందు కలువాకులు, ఆ ముందు నీటి అడుగు నుంచి పైదాకా పెరిగిన హైడ్రిల్లా అనే నీటి మొక్క. ఒక రకం అయిపోయి ఇంకో రకం మొదలయ్యే గీత దగ్గర నిలబడు. నాచులోకి లోపలికి చొచ్చుకొచ్చిన నీటి సందు, మధ్యలో గుమ్మంలా తెరుచుకున్న చిన్న మడుగు, చెట్టు నీడ నాచు మీద పడే చోటు, వీటి దగ్గర బాస్ ఎక్కువగా కాపు కాస్తుంది. ఆ దట్టమైన పచ్చటి చాప నడిమధ్యన ఎక్కడో విసిరి ఊరికే చేతులు నొప్పి పుట్టించుకోకు.

గట్టు మీద ఉన్నవాడికి ఒక వరం ఉంది, పడవలో ఉన్నవాళ్లకి అది అంత తేలిగ్గా దొరకదు. గట్టు వెంబడి, నీటి అంచుకి సమాంతరంగా విసరగలం. ఎండాకాలం తెల్లవారుజామున బాస్ చాలాసార్లు గట్టుకి ఐదారడుగుల్లోనే ఉంటుంది. కొత్తవాళ్లంతా నేరుగా అంచు దాకా నడిచి, దాన్ని బెదరగొట్టి, దూరంగా విసురుతారు. నువ్వు కూడా అదే చేస్తున్నావని నా అనుమానం. ముందు వెనకే నిలబడి కుడి పక్క అంచు వెంట, తర్వాత ఎడమ పక్క అంచు వెంట విసురు. ఆ తర్వాతే ముందుకు. అడుగు మెల్లగా వెయ్యి. నేల అదిరితే నీళ్లలో దానికి తెలుస్తుంది.

ఇక సామాను. నువ్వు కొన్న సన్నటి నైలాన్ దారం ఇక్కడ పనికిరాదు. అది సాగుతుంది, నాచులో చిక్కితే తెగుతుంది. జడలా అల్లిన బ్రెయిడ్ లైన్, 50 పౌండ్ల బరువు ఆపేది చుట్టించుకో, మరీ దట్టమైన చోట 65. అది నాచు కాడల్ని కోసుకుంటూ వస్తుంది. రాడ్ 7 అడుగులది, గట్టిది, హెవీ అని రాసి ఉన్నది తీసుకో. ఉన్న డబ్బంతా ఎరల మీద పెట్టకు. రెండే రెండు ఎరలు చాలు: లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప, మెత్తటి ప్లాస్టిక్ వానపాము.

ముడి జాగ్రత్తగా వెయ్యి. బ్రెయిడ్ జారుతుంది, మామూలు ముళ్లు నిలవవు. పాలమర్ ముడి నేర్చుకో. దారాన్ని మడిచి రెండు పేటలుగా గాలం చెవిలోంచి దూర్చు. ఆ రెండు పేటలతోనే ఒక మామూలు ముడి వదులుగా వెయ్యి. చివర మిగిలిన ఉచ్చులోంచి గాలం మొత్తాన్ని దాటించు. నోటి తడి చేసి, మెల్లగా బిగించు. కళ్లు మూసుకుని వెయ్యగలిగేదాకా ఇంట్లో కూర్చుని వేస్తూ ఉండు. చెరువు దగ్గర చీకట్లో దోమలు కుడుతుంటే నేర్చుకునే పని కాదు.

రబ్బరు కప్ప కొక్కేలు రెండూ దాని వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి, అందుకే నాచు మీద ఎక్కడా పట్టుకోకుండా జారుతుంది. వెనక వేలాడే రబ్బరు కాళ్లు ఒక అంగుళం కత్తిరించు, బాగా నడుస్తుంది. నాలుగైదు విసుర్లకి ఒకసారి లోపలి నీళ్లు పిండెయ్యి. నాచు మీద లాగేటప్పుడు ఒకే వేగంతో లాగకు. రెండు చిన్న కుదుపులు, ఒక విరామం. సందు దగ్గరికి వచ్చాక అక్కడే ఆపు. మూడు లెక్కపెట్టు. చాలా దెబ్బలు ఆ విరామంలోనే పడతాయి.

ఇక్కడే నేను ఒక వేసవి మొత్తం నష్టపోయాను. కప్ప ఆగింది, నాచు బుడుంగుమని పేలింది, గుండె గొంతులోకి వచ్చింది, రాడ్ వెనక్కి లాగేశాను. కప్ప ఎగిరి నా వెనక చెట్టు మీద పడింది. అలా ఒకటి కాదు, పదుల సార్లు. పేలిందంటే చేప దాన్ని మింగిందని కాదు. నాచు అడ్డం ఉంటే ఒక్కోసారి గురి తప్పుతుంది, ఒక్కోసారి అంచు మాత్రమే అందుతుంది. అందుకని చప్పుడికి లాగకు. రాడ్ కొన కిందికి దించు, వదులు దారం చుట్టుకో, బరువు చేతికి తగిలిందా లేదా చూడు. తగిలితే అప్పుడు రెండు చేతులతో గట్టిగా పైకి కొట్టు. తగలకపోతే కప్పని అక్కడే వదిలి ఉంచు, రెండోసారి వస్తుంది. రాకపోతే ఆ రంధ్రంలోకే వెంటనే ప్లాస్టిక్ వానపాముని వెయ్యి.

ఆ వానపాముని కట్టే పద్ధతికి మన టెక్సస్ పేరే ఉంది, టెక్సస్ రిగ్ అంటారు. తుపాకి గుండు ఆకారంలో ఉన్న చిన్న బరువు ముందు, దాని వెనక 3/0 సైజు వంపు గాలం. వానపాము తలలో పావు అంగుళం గుచ్చి పక్కకి తీసి, గాలం తిప్పి, మొనని మళ్లీ ఒంట్లోకి దూర్చి చర్మం కిందే దాచెయ్యి. మొన బయటికి కనిపిస్తే నాచు పడుతుంది. వానపాము తిన్నగా ఉండాలి, ముడుచుకుంటే తిరుగుతూ దారాన్ని మెలిపెడుతుంది. బరువు పావు ఔన్సు చాలు. అది జారిపోకుండా ముందు ఒక రబ్బరు ఆపు పెట్టుకో, లేకపోతే బరువు ఒక పక్క, ఎర ఇంకో పక్క చిక్కుకుంటాయి. నాచు అంచున దిగనివ్వు, అది దిగేటప్పుడు దారాన్నే చూస్తూ ఉండు. దారం పక్కకి కదిలినా, దిగుతూ దిగుతూ మధ్యలో ఆగిపోయినా, అది చేపే.

పడిన తర్వాత సంగతి చెప్పాలి, నేను మొదట అన్నది ఇదే. గాలం తగలగానే బాస్ నాచులోకి తల దూరుస్తుంది. మొదటి రెండు మూడు సెకన్లలో దాని తల పైకి తిప్పగలిగితే, అది నాచు మీద జారుతూ వచ్చేస్తుంది. అందుకే ముందే దారి చూసుకోమన్నాను. నువ్వు నిలబడ్డ చోట జమ్ము ఎంత మందం? కాలు ఆనే గట్టి నేల ఉందా? వంగితే చెయ్యి నీటికి అందుతుందా? కొన్నేళ్ల క్రితం ఏడెనిమిది పౌండ్ల చేపని గట్టు దాకా తెచ్చాను. ముందు ఆరడుగుల జమ్ము, నేను నిలబడింది ఎత్తు మీద. పైకెత్తబోతే దారం తెగింది. ముడి దగ్గర నలిగిన దారాన్ని ఆ పొద్దున్నే చూసి కూడా మార్చలేదు. కప్ప నోట్లో పెట్టుకునే అది లోపలికి వెళ్లిపోయింది. ఆ చేప ఎలా బతికిందో, బతికిందో లేదో, ఈ రోజుకీ అనిపిస్తుంది. అప్పటి నుంచి పొడుగు పిడి ఉన్న వల లేకుండా వెళ్లను, రెండు మూడు చేపలకొకసారి దారం చివర కోసి కొత్త ముడి వేస్తాను.

నాచులో ఇరుక్కుంటే కుదపకు, కుదిపితే గాలం పెట్టిన చిల్లు పెద్దదవుతుంది. దారం బిగువుగా ఉంచి, గట్టు వెంట పది అడుగులు నడిచి కోణం మార్చి లాగు. రాకపోతే ఒక నిమిషం వదులు చెయ్యి, కొన్నిసార్లు అదే బయటికి ఈదుతుంది. బ్రెయిడ్‌ని మాత్రం చేతికి చుట్టుకుని లాగకు, చర్మం కోసేస్తుంది. దానికోసం నీళ్లలోకి అస్సలు దిగకు. అడుగున బురద ఎంత లోతో తెలియదు, కాటన్‌మౌత్ అనే విషపు పాములు ఇలాంటి చోటే ఉంటాయి, తూర్పు టెక్సస్ వైపు మొసళ్లలాంటి ఆలిగేటర్లు కూడా ఉంటాయి. మోకాలి దాకా బూట్లు వేసుకో. నిలబడే ముందు నేల చూసుకో, నిప్పుచీమల పుట్ట మీద కాలు పెడితే ఆ రోజంతా అయిపోయినట్టే. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి కారెక్కు.

చేపని తడి చేత్తోనే ముట్టుకో. కింది పెదవిని బొటనవేలితో పట్టుకుంటే కదలదు. కొర్రమీనులా కోరపళ్లు ఉండవు, గరుకు కాగితంలా ఉంటుంది అంతే. పెద్దదైతే రెండో చెయ్యి పొట్ట కింద పెట్టు. వేడి గట్టు మీద దొర్లించకు. 17 ఏళ్లు నిండినవాళ్లకి లైసెన్సు తప్పనిసరి, అయితే స్టేట్ పార్కుల గట్టు మీద నుంచి పట్టుకోవడానికి అక్కర్లేదు. టైలర్ స్టేట్ పార్కు అందుకు మంచి చోటు. మామూలుగా 14 అంగుళాల లోపు బాస్‌ని వదిలెయ్యాలి, రోజుకి ఐదుకి మించి ఉంచుకోకూడదు. కొన్ని చెరువులకి వేరే లెక్క ఉంటుంది. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్నవన్నీ వదలాలి. 1992 జనవరిలో టెక్సస్ రికార్డు బాస్ అక్కడే పడింది, 18.18 పౌండ్లు, మన లెక్కలో 8 కిలోల పైనే. మీ అత్తయ్య పులుసు పెట్టాలంటే క్యాట్‌ఫిష్ తెస్తాను. పెద్ద బాస్ ఆ సైజుకి రావడానికి ఏళ్లు పడుతుంది, అది నీళ్లలోనే ఉండాలి.

ఇంకొకటి, ఇది నాకు మనసుకి దగ్గర విషయం. ఈ హైడ్రిల్లా మన ఆసియా వైపు మొక్కే, 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడాలో చేరింది. మన కాలవల్ని మింగేసిన గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది, ఇక్కడ టెక్సస్‌లోనూ అదే బెడద. కొల్లేటి ఒడ్డున పుట్టినవాడిగా ఆ నష్టం ఎలా ఉంటుందో చూశాను. చిన్న ముక్క చాలు, కొత్త చెరువులో వేళ్లూనుకుంటుంది. బూట్లకీ దారం చుట్టే రీలుకీ వలకీ అంటిన నాచంతా ఆ గట్టు మీదే దులిపి, ఆరబెట్టుకుని ఇంటికి రా. వీటిని ఇంకో చోటికి తీసుకెళ్లడం ఇక్కడ నేరం కూడా. తెగిన దారం ముక్క కనబడితే, నీది కాకపోయినా, జేబులో వేసుకో. తాబేళ్ల మెడలకీ కొంగల కాళ్లకీ చుట్టుకుంటుంది.

ఈ ఎండల్లో నీకు దొరికేది పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం ఒక గంట. మధ్యాహ్నం వెళ్లాల్సి వస్తే అన్నిటికంటే దట్టమైన నాచు నీడ వెతుక్కో, కింద చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడే దాక్కుంటుంది. ఫిబ్రవరి, మార్చిలో గుడ్లు పెట్టడానికి గట్టు పక్క లోతు తక్కువ చోటికి వస్తాయి, ఆ సంగతి అప్పుడు చెబుతాను.

శనివారం ఐదింటికల్లా మా ఇంటికొచ్చెయ్. నీ రాడ్ ఇంట్లో ఉంచి రా, నాది వాడుదువు. బూట్లు మాత్రం నీవి తెచ్చుకో. అక్కకి నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
మామయ్య