టెక్ సందేహాలు: డ్రైయర్ ఫ్యూజ్‌ను ‘డైరెక్ట్’ చేయించకండి

ప్రశ్న: మా బట్టల డ్రైయర్ విపరీతంగా వేడెక్కుతోంది. బట్టలు చెయ్యి కాలేంత వేడిగా వస్తున్నాయి, తడి మాత్రం పోవట్లేదు. మొన్న పూర్తిగా ఆగిపోతే మెకానిక్ వచ్చి లోపల ఏదో ఫ్యూజ్ డైరెక్ట్ చేశాడు. ఇలా వాడొచ్చా? వేడి గాలి పైపు గోడలోంచి బయటకు పెట్టించాం.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: వద్దమ్మా. ముందు వెళ్లి ప్లగ్ పీకేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు. ముసుర్లు మొదలయ్యాక ఇదే ఫిర్యాదు నాకు రావడం ఇది మూడోసారి.

మెకానిక్ తప్పించింది థర్మల్ ఫ్యూజ్‌ను. లోపల వేడి హద్దు దాటితే అది తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. దాని పనే అది. రెండు తీగలూ కలిపేశాక, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మొరాయించిందంటే హీటర్‌ను ఆపే దిక్కుండదు. డ్రమ్ము చుట్టూ పేరుకునేదేమో బట్టల నూగు. దూదికి నిప్పంటుకోవడానికి ఎంతసేపు పడుతుంది? దీన్ని రిపేరు అనడానికి నాకు నోరు రావడం లేదు. అదే రకం కొత్త ఫ్యూజ్ వేయించండి.

ఇక అది ఎందుకు తెగింది? వేడి ఉండి కూడా తడి ఆరట్లేదంటే గాలి బయటకు పోవడం లేదన్నమాట. నూగును పట్టే జల్లెడ, అదే లింట్ ఫిల్టర్, మీరు దులుపుతూనే ఉంటారు, పైపు జోలికే ఎవరూ వెళ్లరు. పోయినేడు విజయనగరంలో మా అక్క ఇంట్లోనూ ఇదే గొడవ. దోమలు దూరకుండా గోడ బయట పైపు మూతికి మెష్ కట్టించారు. విప్పి చూస్తే దానిమీద బూడిదరంగు నూగు కంబళి ముక్కలా పట్టేసి ఉంది. వేలు పెట్టి పొడిస్తే గానీ అవతలి వెలుతురు కనబడలేదు. మెష్ తీసేసి, గాలి తోస్తే తెరుచుకునే రెక్కమూత పెట్టించి, మడతపడ్డ పైపును సాపు చేశాం. ఆ రోజే దుప్పట్లు మామూలుగా ఆరాయి.

ప్లగ్ కూడా చూడండి. 2,500 వాట్ల డ్రైయర్ 230 వోల్టుల మీద దాదాపు 11 యాంపులు లాగుతుంది. 6 యాంపుల సాకెట్ దానికి చాలదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వద్దు. ఎర్తింగ్ ఉన్న 16 యాంపుల పాయింట్ కావాలి.

నా కోపం వీటిని తయారుచేసేవాళ్ల మీద కూడా. పైపు మూసుకుపోయిందని చెప్పే చిన్న లైటు పెట్టని మెషీన్లలో కూడా, ఊళ్లో లేకపోయినా ఫోన్‌తో ఆన్ చేసే యాప్ మాత్రం ఇస్తున్నారు. మంట పుట్టగల యంత్రాన్ని ఇంట్లో మనిషి లేనప్పుడు తిప్పడం ఏమిటి? మీ దాంట్లో ఆ ఆప్షన్ ఉంటే ఇవాళే ఆపేయండి.

కొత్త ఫ్యూజ్ పడేదాకా బట్టలు వరండాలో ఫ్యాను కింద ఆరేసుకోండి. కాస్త ముక్కిపోయిన వాసన వచ్చినా ఫర్వాలేదు.