డ్రైవ్ కనపడట్లేదని మళ్లీ మళ్లీ గుచ్చకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. నువ్వు తీసిన పెళ్లి ఫోటోలు దాచుకున్న, మధ్యాహ్నందాకా బాగానే ఉన్న బ్యాకప్ హార్డ్ డ్రైవ్ సాయంత్రానికి కంప్యూటర్లో కనపడకుండా పోయిందనీ, ఒకసారి వచ్చినట్టే వచ్చి ఫార్మాట్ చేయమందనీ రాశావు. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం టెన్షన్లో ఎగిరిపోతుంది. అందుకే రాసి పంపుతున్నా. పక్కన పెట్టుకుని చదువుతూ చెయ్యి.

అన్నిటికంటే ముందు డ్రైవ్ జోలికి పోకుండా రెండు పనులు చూడు. ఆ పెళ్లి తీసిన మెమరీ కార్డులు ఎక్కడున్నాయో వెతికి పక్కన పెట్టెయ్. వాటిని కెమెరాలో ఫార్మాట్ చేసేశానని బాధపడకు. మామూలుగా కెమెరా ఫార్మాట్ చేస్తే చెరిగేది ఏ ఫోటో ఎక్కడుందన్న పట్టిక మాత్రమే. మీద కొత్త షూట్ పడనంతవరకు ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు బయటికి తీయొచ్చు, కెమెరా నేరుగా రాసే రా (RAW) ఫైళ్లతో సహా. రేపటి షూట్‌కి అవే కార్డులు వేశావంటే ఆ అవకాశం పోతుంది. రెండోది, ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లకు నువ్వు పంపిన సెలెక్షన్, పెళ్లివాళ్లకు ఇచ్చిన పెన్‌డ్రైవ్. అవెక్కడున్నాయో కనుక్కో. అవి దొరికాయంటే నీ భయం సగం తగ్గుతుంది, చెయ్యి వణక్కుండా మిగతా పని చేస్తావు.

ఇక డ్రైవ్ సంగతి. ఇప్పటికీ తగిలించే ఉంటే తీసెయ్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సర్వీస్ కౌంటర్ మీద కూర్చున్నన్నాళ్లూ నేను చూసింది ఒకటే. డ్రైవ్ దానంతటది చచ్చిపోయి డేటా పోయినవాళ్లు తక్కువ. అది మొరాయించాక కంగారులో చేసిన పనుల వల్ల పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. కాబట్టి ఒక్క కట్టుబాటు పెట్టుకో: అందులోది వేరేచోటికి కాపీ అయ్యేదాకా ఆ డ్రైవ్ మీద కొత్తగా ఏదీ రాయించకూడదు. ఫార్మాట్, ఇనిషియలైజ్, 'స్కాన్ అండ్ ఫిక్స్', చెక్ డిస్క్, మ్యాక్‌లో ఫస్ట్ ఎయిడ్, ఇవన్నీ రాసే పనులే. విండోస్ మర్యాదగా అడుగుతుంది కదా అని ఎస్ నొక్కకు. దానికి పట్టిక అర్థం కాలేదంతే. ఫోటోలు లేవని దానర్థం కాదు.

ఇప్పుడు గదిలో ఫ్యాన్ ఆపి, డ్రైవ్‌ని బల్ల మీద పడుకోబెట్టి, ఒక్కసారి తగిలించి, చెవి దాని దగ్గరికి తెచ్చి విను. నాకు ఏ సాఫ్ట్‌వేర్ చెప్పినదానికంటే ఈ పది సెకన్లే ఎక్కువ చెప్పేవి. సుయ్‌మని తిరగడం మొదలై, చిన్నగా కిర్రుమని ఒకటి రెండుసార్లు కదిలి, తర్వాత ఒకే స్థాయిలో తిరుగుతుంటే లోపల యంత్రం చాలావరకు బాగున్నట్టే. అసలు చప్పుడే లేకపోతే కరెంటు అందట్లేదు, లేదా డ్రైవ్ సర్క్యూట్ బోర్డు పోయింది. బీప్ బీప్ మని సన్నగా కూస్తే మోటారు తిరగబోయి తిరగలేకపోతోంది. కరెంటు చాలకపోయినా అలాగే కూస్తుంది, డేటా చదివే ముల్లు లాంటి హెడ్, డేటా ఉండే గుండ్రటి పళ్లేనికి అతుక్కుపోయినా అలాగే కూస్తుంది. టక్, టక్, టక్ అని లెక్క పెట్టినట్టు కొట్టుకుని ఆగిపోతే మాత్రం వెంటనే పీకెయ్. హెడ్ చదవలేక వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తోందని అర్థం. హెడ్‌కీ పళ్లేనికీ మధ్య ఉండే ఖాళీ నానోమీటర్లలో ఉంటుంది. దెబ్బతిన్న హెడ్ ఆ ఖాళీ నిలుపుకోలేక పళ్లెం మీది పూతను గీకేస్తుంది. ఆ గీకిన చోట ఉన్న ఫోటోని ఏ ల్యాబూ తేలేదు. అలాంటి డ్రైవ్‌ని ఇంకోసారి పెట్టి చూద్దామనడం కాలు విరిగినవాణ్ణి నడిపించి చూడటమే.

టక్ టక్ లేదనుకుందాం. అప్పుడు అనుమానించాల్సింది కేబుల్‌ని. నీదగ్గరున్న పాకెట్ డ్రైవ్ 2.5 అంగుళాలది. దానికి వేరే అడాప్టర్ ఉండదు, కరెంటంతా యూఎస్‌బీ నుంచే తాగాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3 పోర్టు 900. మోటారు తిరగడం మొదలెట్టే ఆ క్షణంలోనే డ్రైవ్ ఎక్కువ లాగుతుంది. నీ స్టూడియో కంప్యూటర్లో నువ్వు ఎప్పుడూ వాడేది క్యాబినెట్ ముందు పోర్టు. అది లోపల సన్నటి వైరు మీదుగా మదర్‌బోర్డుకి వెళ్తుంది. దానికి తోడు నాలుగు పోర్టుల హబ్ ఒకటి, అందులోనే మౌస్, కార్డ్ రీడర్, ఫోన్ చార్జింగ్. ఇంకేం అందుతుంది దానికి? హబ్ తీసేసి, క్యాబినెట్ వెనక మదర్‌బోర్డుకే ఉన్న నీలం రంగు పోర్టులో నేరుగా పెట్టు. కేబుల్ పొట్టిది వాడు.

ఆ కేబుల్ డ్రైవ్ వైపు చివర చూశావా, వెడల్పుగా, రెండు ముక్కలు అతికించినట్టుంటుంది. ఆ పిన్ చాలా తొందరగా వదులవుతుంది. బ్యాగులో డ్రైవ్‌కి తగిలించే పెట్టి తిప్పావంటే సాకెట్ సోల్డరింగ్ కూడా కదులుతుంది. కొత్త కేబుల్ కొని చూడు, నువ్వు పెట్టగలిగిన అతి చవక రిపేరు అదే. టైప్ సి డ్రైవ్ అయితే ఫోన్ చార్జర్‌తో వచ్చిన కేబుల్ వాడకు, కొన్నింటిలో డేటా వైర్లే ఉండవు. ఇంకోటి, కనపడుతోందా లేదా అని పిన్ను అటూ ఇటూ ఆడించి చూసే అలవాటు మానెయ్. రాస్తుండగా అర క్షణం తెగినా పట్టిక చెడుతుంది. నువ్వు మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ పనిచేయాలని డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో పెట్టుకున్నావు కదా. విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోలాగా జరిగిన మార్పుల చిట్టా అందులో ఉండదు, అందుకే అది ఇలాంటి దెబ్బకు తొందరగా పడిపోతుంది. ఫార్మాట్ చేయమని నీకు అడిగింది కూడా బహుశా అందుకే.

ఆఫీసు టేబుల్ మీద ఉండే పెద్ద 3.5 అంగుళాల డ్రైవ్‌లైతే కథ వేరు, వాటికి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. అది నీరసపడితే లైటు వెలుగుతుంది గానీ పళ్లెం తిరగదు. మార్చేటప్పుడు వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్ లోపల ఏది, బయట ఏది అన్న ప్లస్ మైనస్ గుర్తు పాతదానిలాగే ఉండాలి. పిన్ పట్టింది కదా అని ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ పెట్టి బోర్డు కాల్చుకుని వచ్చినవాళ్లను ఎంతమందిని చూశానో. పైగా అదే మోడల్ బోర్డు ఇంకోటి తెచ్చి వేస్తే సరిపోదు. ఆ డ్రైవ్‌కే పుట్టుకతో వచ్చిన లెక్కలు పాత బోర్డు మీది చిప్‌లో ఉంటాయి, వాటిని కూడా మార్చాలి.

కేబుల్, పోర్టు మార్చినా రాకపోతే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఉంటుంది. డ్రైవ్ అక్కడ సరైన సైజుతో, హెల్దీ అని ఉండి, D:, E: లాంటి డ్రైవ్ అక్షరం మాత్రం లేదా? అదృష్టవంతుడివి. రైట్ క్లిక్ చేసి అక్షరం ఇవ్వు, పనైపోయింది. రా (RAW) అని చూపిస్తే, అది కెమెరా రా కాదు, పట్టిక చెడిందని అర్థం, ఫోటోలు ఉండే అవకాశం బాగా ఉంది. నాట్ ఇనిషియలైజ్డ్ అని, సైజు కూడా చూపించకుండా ఉంటే యంత్రంలోనో, మధ్యలో ఉండే యూఎస్‌బీ బోర్డులోనో తేడా. ఏది వచ్చినా స్క్రీన్ ఫోటో తీసుకుని మూసెయ్.

తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ పెట్టి డ్రైవ్ ఆరోగ్యం చూడు. నీలం బాగున్నట్టు, పసుపు జాగ్రత్త, ఎరుపు పోయినట్టు. రంగు చూసి ఆగిపోకు. 05, సీ5, సీ6 అనే మూడు వరుసల్లో చివరి గడి చూడు. 05 అంటే చెడిపోయి పక్కకు తప్పించిన సెక్టర్లు, అంటే డేటా రాసే చిన్న గళ్లు, సీ5 అంటే చదవలేక వాయిదాలో పెట్టినవి, సీ6 అంటే దిద్దలేక వదిలేసినవి. అన్నీ సున్నాలైతే ఊపిరి పీల్చుకో. ఆ అంకెలు మామూలుగా హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో ఉంటాయి, 10 అని కనపడితే పదహారు అని అర్థం. సీ7 ఒక్కటే పెరిగి మిగతావి సున్నా ఉంటే తప్పు పళ్లెంది కాదు, కనెక్షన్‌ది. కొన్ని డ్రైవ్‌ల యూఎస్‌బీ బోర్డు ఈ వివరాలు బయటికి పంపదు, ఖాళీగా కనపడితే కంగారుపడకు.

సీ5లో అంకెలున్నాయంటే ఫోల్డర్లు తెరిచి ఒక్కో ఫోటో లాగే పని పెట్టుకోకు. చెడిన చోట విండోస్ పట్టుబట్టి మళ్లీ మళ్లీ చదివిస్తుంది, ఈలోపు బాగున్న భాగం కూడా పాడవుతుంది. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, చెడిన డిస్క్ నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో అంతే సైజున్న, లేదా ఇంకా పెద్ద వేరే డిస్క్‌కి మొత్తం క్లోన్, అంటే ఉన్నదున్నట్టు నకలు తియ్యాలి. అది సులువుగా వచ్చేవన్నీ ముందు లాగేసి, కష్టమైనవి చివరికి ఉంచుతుంది. ఎంతవరకు అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే మధ్యలో ఆగినా మొదటికి రాదు. నువ్వు ఒక్కడివే చేయకు, మూలమేదో, గమ్యమేదో తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫోటోల మీద కూర్చుంటుంది. నన్ను పిలువు. క్లోన్ వచ్చాక పట్టిక బాగుచేసే టెస్ట్‌డిస్క్, చెక్ డిస్క్, నీ ఇష్టం, ఏ ప్రయోగమైనా దాని మీద చేసుకోవచ్చు.

డబ్బా ఊడదీసి లోపలి డిస్క్‌ని డెస్క్‌టాప్‌కి నేరుగా కలుపుదామని మీ స్టూడియో కుర్రాడు అంటాడు చూడు. ఒక్కోసారి పనిచేస్తుంది. కానీ వెస్ట్రన్ డిజిటల్ మై పాస్‌పోర్ట్ లాంటి చాలా డ్రైవ్‌లలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే అతికి ఉంటుంది, డెస్క్‌టాప్‌కి నేరుగా కలిపే సాటా పిన్నే ఉండదు. పైగా నువ్వు పాస్‌వర్డ్ పెట్టకపోయినా వాటిలో చాలా మోడళ్లు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే రహస్య లిపిలోకి మార్చే రాస్తాయి, ఆ బోర్డు లేకుండా చదివితే చెత్తే వస్తుంది. పళ్లేలున్న మూత మాత్రం ఎవర్నీ ముట్టనివ్వకు. ఫ్రిజ్‌లో పెడితే బతుకుతుందని ఎవరైనా చెబితే వినకు, బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది.

టక్ టక్ అన్న డ్రైవ్‌కి దుమ్ము చేరని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబే దారి. ఖర్చు వేలల్లో ఉంటుంది, ముందే రాతపూర్వకంగా అడుగు. వచ్చిన ఫైళ్ల జాబితా చూపించాకే మిగతా డబ్బు కట్టేలా మాట్లాడుకో. వారంటీ ఉంది కదా అని కంపెనీకి పంపావనుకో, మామూలుగా ఇంకో డ్రైవ్ ఇస్తారు, ఫోటోలు ఇవ్వరు.

నువ్వు బ్యాకప్ అంటున్నావు గానీ, ల్యాప్‌టాప్‌లో చోటు చాలక అక్కడ డిలీట్ చేసి ఇందులో పెట్టావు కదా. ఉన్నది ఒక్క కాపీ అయితే దాన్ని బ్యాకప్ అనరురా అల్లుడూ. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి మీ వృత్తివాళ్లకోసం పుట్టినదే. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి ఇంకో ఊళ్లోనో క్లౌడ్‌లోనో. ఈ గండం గట్టెక్కాక రెండో డ్రైవ్ కొను, అది మీ అమ్మ దగ్గర ఇంట్లో ఉండాలి, స్టూడియోలో కాదు. ఒకేసారి వందల జీబీలు ఎక్కిస్తుంటే మధ్యలో స్పీడు పడిపోయినా భయపడకు, పాకెట్ డ్రైవ్‌లలో చాలావాటి స్వభావమే అంత. రాసేటప్పుడు కాకుండా చదివేటప్పుడు నత్తనడక నడిస్తేనే అనుమానించు.

ఇప్పటికి ఇంత చెయ్యి: డ్రైవ్ తగిలించగానే ఫోన్ దాని పక్కన పెట్టి పది సెకన్లు శబ్దం రికార్డు చేసి వాట్సాప్‌లో పంపు. టక్ టక్ లేకపోతేనే డిస్క్ మేనేజ్‌మెంట్ స్క్రీన్ ఫోటో కూడా తీసి పంపు. అవి విని, చూసి, పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఈలోపు పెళ్లివాళ్లు అడిగితే ఆల్బమ్ ఇంకో వారం పడుతుందని చెప్పు, డ్రైవ్ సంగతి ఎత్తకు.

మీ మామయ్య