బుజ్జికి, చెవి జాగ్రత్త

బుజ్జీ,

ఉద్యోగం మానేసి వయొలిన్ కచేరీలూ పాఠాలూ చేసుకుంటానన్నావట. మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్‌లో చెబుతూ ఏడ్చేసింది. నాకూ నిద్ర పట్టలేదు, కానీ అది ఒట్టి దిగులు కాదు. ఆరేళ్లప్పుడు నా ఒళ్లో కూర్చుని రెండు చేతులతో కమాను పట్టుకుని గీసిన పిల్లవి. ఆ పిల్ల ఈ మాట అన్నదంటే గుండె నిండిపోయింది.

మామూలు సంగతులు నీకు తెలుసు. ఆకాశవాణి ఆడిషన్‌కి అప్లై చెయ్యి. పక్కవాద్యానికి ఎవరు పిలిచినా మొదట్లో కాదనకు. పాడేవాళ్లు నాలుగు ఆవర్తాలు, అంటే నాలుగు తాళం చుట్లు, స్వరం వేస్తే నువ్వూ నాలుగే వెయ్యి. ఆరు నెలల ఖర్చులకు డబ్బు చేతిలో లేకుండా రాజీనామా ఇచ్చావంటే మాత్రం నేనూరుకోను.

పాఠాలు చెబితే కచేరీ చెయ్యి పోతుందని ఎవరో నిన్ను భయపెట్టారట. అంత గొప్ప ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. పాఠాలు చెబితే చెయ్యి పోదే. పోతే చెవి పోతుంది, అదీ మనం ఏమరుపాటుగా ఉంటే. నాకు పోయింది. ఈ సంగతి మీ నాన్నకి కూడా చెప్పలేదు.

అప్పటికి నీకన్నా రెండేళ్లు పెద్దదాన్ని. ఇంట్లో అవసరం పడి రోజుకి ఆరు గంటలు పాఠాలు చెప్పేదాన్ని, అందరూ మొదటి పాఠాలైన సరళీ స్వరాల పిల్లలే. వీణకైతే స్వరం ఎక్కడుందో చూపే మెట్లుంటాయి. ఫిడేలుకి మన చెవే మెట్టు. చిన్న వేళ్లు సాగక పిల్లలకి గాంధారం, అంటే గ స్వరం, వెంట్రుకవాసి తగ్గేది. మొదట్లో ప్రతిసారీ ఆపి దిద్దాను. తరవాత తరవాత, బెదిరిపోతున్నారని, టైమైపోతోందని, "సరేలే" అనడం మొదలుపెట్టాను. పైగా వాళ్లు తడబడకుండా నేనూ కలిసి వాయించేదాన్ని. సొంత సాధనకి రాత్రి అరగంట మిగిలేది, అదీ తంబురా లేకుండా.

ఏడాదిన్నర తిరిగేసరికి ఒక కచేరీలో శంకరాభరణం రాగం వచ్చింది. గాయని ఆలాపన ముగించి నాకు వదిలారు. గాంధారం మీద నిలబడి పొడుగు కమాను వేశాను. నా చెవికి హాయిగానే ఉంది. ఆవిడ నా వైపు చూడలేదు. మెల్లిగా వెనక్కి తిరిగి తంబురాకి చెవి ఒగ్గారు, శ్రుతి దిగిందేమోనని. మృదంగం ఆయన తల దించుకున్నారు. తంబురా శ్రుతి చెక్కుచెదరలేదు.

ఇంటికొచ్చి క్యాసెట్ పెట్టుకుని విన్నాను. అప్పుడు కూడా నాకు తప్పు వినపడలేదు బుజ్జీ! వణుకు పుట్టింది. క్యాసెట్ ఆపి, తంబురా మీటుతూ చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను. మంద్ర షడ్జం, అంటే కింది స, తీగలోంచి తనంతట తానే పలికే అంతర గాంధారం ఉంటుందే, శంకరాభరణంలో గ అదేగా, అది చెవిలో నిలిచాక మళ్లీ క్యాసెట్ పెట్టాను. అప్పుడు తెలిసింది, నా గాంధారం ఎంత కిందికి జారిపోయిందో.

సగం పాఠాలు మానుకున్నాను. డబ్బుకి కటకటలాడాం. చెవి పూర్తిగా దారికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అందుకే చెబుతున్నాను, మొదటి విద్యార్థి రాకముందు, చివరి విద్యార్థి వెళ్లాక, తంబురాతో ఇరవై నిమిషాలు ఒట్టి పొడుగు కమానులు వెయ్యి. స, గ, ప చాలు. పిల్లల చేత ముందు పాడించు. నువ్వు ఒకసారి వాయించి చూపించి కమాను ఒళ్లో పెట్టేసుకో, వాళ్లని ఒంటరిగా వాయించనీ. దిద్దేటప్పుడు మాత్రం కసరకు. నేను విసిగి కసిరితే ఒక పిల్లాడు మళ్లీ రాలేదు. వాడి మొహం ఇప్పటికీ గుర్తే.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఆదివారం వచ్చి నా తంబురా పట్టుకెళ్లు, కొత్త తీగలు వేయించి ఉంచాను.

మీ అత్తయ్య