చిన్నప్పటి అలర్జీ, అమెరికా ఆర్మీ మెడికల్: దాచొద్దు, రిపోర్టులు దగ్గర పెట్టుకోండి

అన్నా, డాలస్‌లో ఉన్న మీ అబ్బాయికి డస్ట్ అలర్జీ ఉందని, చిన్నప్పుడు వేరుశెనగలు తింటే దద్దుర్లు వచ్చాయని, గ్రీన్‌కార్డ్ మీద అమెరికా ఆర్మీలో చేరేటప్పుడు ఇవి చెప్పాలా వద్దా అని అడిగారు. చెప్పాల్సిందే అన్నా. మెప్స్‌లో, అంటే సైన్యంలో చేరేవాళ్లను పరీక్షించే కేంద్రంలో, మెడికల్ చేసేవాళ్లకు ఇప్పుడు జెనెసిస్ అనే సైన్యపు కంప్యూటర్ సిస్టమ్‌లో పాత వైద్య రికార్డులు, మందుల చీటీలు కూడా కనిపిస్తాయి. దాచి తర్వాత దొరికితే అలర్జీ కన్నా అబద్ధమే పెద్ద సమస్య అవుతుంది.

డస్ట్ అలర్జీ మాత్రలతోనో ముక్కు స్ప్రేతోనో అదుపులో ఉంటే మామూలుగా అడ్డం కాదు. టెన్షన్ పడొద్దు. 13వ పుట్టినరోజు తర్వాత ఆస్తమా ఉన్నా, తిండి వల్ల అనాఫిలాక్సిస్, అంటే ఊపిరి ఆడక ప్రాణం మీదికి వచ్చేంత తీవ్రమైన అలర్జీ, వచ్చినా అనర్హతే. అప్పుడు వేవర్, అంటే ప్రత్యేక మినహాయింపు, కావాలి. అది ఇచ్చేది మెప్స్ కాదు, చేరబోయే దళం.

కాబట్టి వేరుశెనగ సంగతి ముందే తేల్చుకోండి. మా అక్క కొడుకు ఫైల్లో 'వేరుశెనగ అలర్జీ' అని ఒక్క ముక్క ఉంది, నిజానికి వాడికి వచ్చినవి మణికట్టు మీద నాలుగు దద్దుర్లే. అలర్జీ డాక్టర్ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందు చెంచా కొసన కొంచెం, ఆగి ఇంకొంచెం, అలా పీనట్ బటర్ తినిపించి చూశారు. ఏమీ కాలేదు. ఆ రిపోర్టే వాడికి దారి చూపింది. ఇంట్లో మాత్రం ఈ ప్రయోగం చేయకండి, ప్రాణం మీదికి రావచ్చు.

మెప్స్‌కు వెళ్లకముందే మీ అబ్బాయికి అలర్జీ డాక్టర్ ఇచ్చే అలాంటి రిపోర్టు, పాత చీటీలు రిక్రూటర్ చేతికివ్వండి.